ల్యాబ్‌లో ఒక సిస్టమ్‌ను పాడుచేసి పెట్టండి

హైదరాబాద్, కాకినాడ, అనంతపురం, విజయనగరం జేఎన్‌టీయూల ఉపకులపతులకు, ఆ విశ్వవిద్యాలయాల కంప్యూటర్ సైన్స్ బోర్డ్ ఆఫ్ స్టడీస్ సభ్యులకు,



మీ పరిధిలోని ఇంజనీరింగ్ కాలేజీలన్నింటిలో ఆపరేటింగ్ సిస్టమ్స్ ల్యాబ్, కంప్యూటర్ నెట్‌వర్క్స్ ల్యాబ్ ఉన్నాయి. ఆ రెండింటి సిలబస్‌లో ఒక మార్పు చేయమని అడగడానికి ఈ ఉత్తరం రాస్తున్నాను. సెమిస్టర్‌లో కొన్ని వారాలపాటు విద్యార్థుల ముందు పనిచేయని సిస్టమ్ పెట్టండి. నెట్ రానిదో, బూట్ కానిదో, డిస్కులో జాగా ఉన్నా ఫైలు సేవ్ చేయనిదో ఏదైనా సరే. తప్పెక్కడుందో వాళ్లనే వెతకనివ్వండి. ఒకరినొకరు అడగనివ్వండి. దొరికిందేమిటో, ఎలా దొరికిందో రాయమనండి. ఆ రాతకు మార్కులివ్వండి.

నేను నెట్‌వర్కులు, సర్వర్లు చూసుకునే ఉద్యోగిని. పగలు జీతానికి చేసే పనినే రాత్రిపూట లినక్స్ వాడే పిల్లలకు ఊరికే చేసిపెడుతుంటాను. టెలిగ్రామ్ గ్రూపుల్లోనో ఫోన్లోనో మాట్లాడతాం, వీలైతే ల్యాప్‌టాప్ ముందు పక్కపక్కనే కూర్చుంటాం. ఇలా చేసేవాళ్లు తెలుగునాట చాలామంది ఉన్నారు. మా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది మీ విద్యార్థులే. వాళ్లకు తెలివి తక్కువేం లేదు. సీ భాష వచ్చు, పైథాన్ వచ్చు, ఓఎస్‌ఐ మోడల్‌లో ఏడు లేయర్లూ గడగడా చెబుతారు. కానీ నెట్ ఆగిపోతే మొదట ఏం చూడాలో తెలియదు. ఎవరినైనా అడుగుదామంటే ఎలా అడగాలో తెలియదు. ఎవరూ నేర్పకపోతే ఎలా తెలుస్తుంది?

ఆ ల్యాబుల్లో జరిగేది మీకు తెలియనిది కాదు. ఓఎస్ ల్యాబ్‌లో ఎఫ్‌సీఎఫ్‌ఎస్, ఎస్‌జేఎఫ్, రౌండ్ రాబిన్, బ్యాంకర్స్ అల్గారిథం. నెట్‌వర్క్స్ ల్యాబ్‌లో బిట్ స్టఫింగ్, సీఆర్‌సీ, డైక్‌స్ట్రా. కొన్ని సిలబస్‌లలో వైర్‌షార్క్, ఎన్‌మ్యాప్ కూడా చేర్చారు, చాలా మంచి పని. ఆ ప్రోగ్రాములు దండగని నేననను. రౌటింగ్ అల్గారిథం చేత్తో రాస్తేనే ఒంటబడుతుంది. అయితే ఇక్కడ ప్రతి ప్రయోగానికీ అవుట్‌పుట్ ముందే తెలుసు. అది సీనియర్ రికార్డులో ఉంటుంది. ప్రోగ్రాం రానివాడు ఆ రికార్డు చూసి రాసుకుంటాడు, సంతకం పడుతుంది. సిస్టమ్ మొరాయిస్తే "పక్క సిస్టమ్‌లో కూర్చో" అంటారు. మొరాయించినదాన్ని సాయంత్రం ల్యాబ్ అసిస్టెంట్ ఫార్మాట్ కొడతాడు. నేర్చుకోదగ్గ పాఠం ఆ ఫార్మాట్‌తోనే పోతోంది. జవాబు తనకు ముందే తెలియని ప్రశ్న నాలుగేళ్లలో ఒక్కటైనా ఆ ల్యాబుల్లో పిల్లవాడికి ఎదురుకాదు.

ల్యాబ్ బయట ఆ ప్రశ్న ఎలా ఎదురవుతుందో, ఎలా తేలుతుందో ఒక ఉదాహరణ చెబుతాను. కొంచెం వివరంగా చెప్పనివ్వండి, నేను అడుగుతున్నదంతా ఆ వివరంలోనే ఉంది.

ప్రైవేటు హాస్టల్లో ఉండే థర్డ్ ఇయర్ అబ్బాయి ఒకడు, ఎవరో పారేయబోతున్న పాత డెస్క్‌టాప్‌లో డెబియన్ లినక్స్ వేశాడు. రెండో నెట్‌వర్క్ కార్డు తగిలించి, ఆ డెస్క్‌టాప్‌నే గేట్‌వే చేసి, హాస్టల్ ఫైబర్ కనెక్షన్‌ను గదులన్నిటికీ పంచాడు. యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ కొట్టి డయల్ చేసే పీపీపీఓఈ కనెక్షన్ అది. ఒక రాత్రి మా టెలిగ్రామ్ గ్రూపులో అతని మెసేజ్: "అన్నా నెట్ రావట్లేదు. అర్జెంట్. రేపే ఎగ్జామ్ ఫీజు లాస్ట్ డేట్."

ఎక్కడో నైట్ షిఫ్టులో ఉన్న ఒకాయన అందుకున్నాడు. "తమ్ముడూ, రావట్లేదంటే ఏది రావట్లేదు? పింగ్ కొడితే వస్తోందా?"

"వస్తోంది అన్నా."

"పేరుతో కొట్టావా, నంబర్‌తోనా?"

"రెండూ వస్తున్నాయి."

"మరి రానిదేంటి?"

"గూగుల్ వస్తోంది. ఫీజు కట్టే సైట్ తిరుగుతూనే ఉంది. బ్యాంకు సైటూ అంతే."

"అదే సైట్ గేట్‌వే సిస్టమ్ ముందు కూర్చుని తెరువు."

కాసేపటికి: "అన్నా, అక్కడ ఠక్కున వచ్చేసింది!"

ఈ నాలుగు ప్రశ్నల్లో ఎంత పని జరిగిందో చూడండి. నంబర్‌తో పింగ్ వచ్చింది కాబట్టి వైరు, మోడెమ్, రౌటింగ్ బాగున్నాయి. పేరుతోనూ వచ్చింది కాబట్టి డీఎన్ఎస్ బాగుంది. గేట్‌వేలో సైటు తెరుచుకుంది కాబట్టి అవతలి సర్వర్ బాగుంది, కనెక్షన్ ఇచ్చిన కంపెనీ బాగానే ఉంది. ఇక మిగిలింది గేట్‌వేకీ గదుల్లోని ల్యాప్‌టాప్‌లకీ మధ్య ఏదో తేడా. ప్రతి ప్రశ్నా వెతకాల్సిన చోటును సగానికి కోసింది. మీ విద్యార్థి బైనరీ సెర్చ్ పరీక్షలో రాశాడు, దాన్ని ఇక్కడ వాడొచ్చని అతనికి ఎవరూ చూపించలేదు.

తర్వాత ఆయన పింగ్ సైజు పెంచమన్నాడు. "ముక్కలు చేయొద్దని చెప్పి 1472 పెట్టి కొట్టు." పోలేదు. 1492 కంటే పెద్దది తన దారిలో పట్టదని గేట్‌వే నుంచి జవాబొచ్చింది. "1464 పెట్టు." పోయింది. ఆ 1464కి పింగ్ హెడర్ 8 బైట్లు, ఐపీ హెడర్ 20 బైట్లు కలిపితే సరిగ్గా 1492. మామూలు ఈథర్‌నెట్‌లో ఒక ప్యాకెట్ 1500 బైట్ల దాకా ఉండొచ్చు. పీపీపీఓఈ తన సొంత హెడర్లకు అందులో 8 బైట్లు తీసుకుంటుంది, మిగిలేది 1492. గేట్‌వేకి ఈ సంగతి తెలుసు కాబట్టి తాను తెరిచే సైట్లతో చిన్న ప్యాకెట్లే పంపమని ముందే మాట్లాడుకుంటుంది. గదిలోని ల్యాప్‌టాప్‌కు తెలియదు, అది 1500 లెక్కనే ఒప్పందం చేసుకుంటుంది. పెద్ద సర్టిఫికెట్ పంపే బ్యాంకు సర్వర్ నిండు ప్యాకెట్ వదులుతుంది. రైల్వే అండర్‌బ్రిడ్జి ఎత్తు తెలియకుండా లోడు లారీని పంపినట్టు, అది దారిలో ఆగిపోతుంది. "పట్టదు, చిన్నది పంపు" అని వెనక్కి కబురు చెప్పాల్సిన ఐసీఎంపీ సందేశాన్ని అవతలి ఫైర్‌వాల్‌లో ఎవరో అడ్డంగా బ్లాక్ చేసి ఉంటారు. సర్వర్ మళ్లీ అదే సైజు పంపుతుంది, మళ్లీ ఆగుతుంది. ఇవతల బ్రౌజర్‌లో చక్రం తిరుగుతూనే ఉంటుంది. ఎర్రర్ కూడా రాదు.

మందు ఒక్క లైను. గేట్‌వే గుండా వెళ్లే ప్రతి టీసీపీ కనెక్షన్ మొదట్లోనే ప్యాకెట్ సైజును దారికి సరిపోయేలా తగ్గించే ఐపీటేబుల్స్ రూలు. అది వేయగానే ఫీజు సైటు తెరుచుకుంది. చాలాచోట్ల కథ ఇక్కడితో అయిపోతుంది. ఆయన అక్కడ ఆగలేదు. "ఇప్పుడా లైను తీసేసి చూడు. మళ్లీ ఆగిపోవాలి" అన్నాడు. తీశాడు, ఆగిపోయింది. వేశాడు, వచ్చింది. "ఇప్పుడు నమ్ము. మొత్తం రాసి గ్రూపులో పెట్టు, నీ తర్వాతవాడికి పనికొస్తుంది." ఆ అబ్బాయి రాసిపెట్టాడు. తర్వాత వేరే ఊరి నుంచి ఒకమ్మాయి, వీపీఎన్ వేస్తే కొన్ని సైట్లు మాత్రమే ఆగిపోతున్నాయని అడిగినప్పుడు జవాబిచ్చింది అతనే.

కారణం తెలిసిందని చెప్పడానికి, తప్పును మళ్లీ రప్పించి చూపడాన్ని మించిన రుజువు లేదు. ఫిజిక్స్ ల్యాబ్‌లో రీడింగు రెండుసార్లు తీసుకోమంటాం. కంప్యూటర్ ల్యాబ్‌లో "ఏదో చేశాను, వచ్చేసింది" అంటే ఒప్పుకుంటాం. ఈ తేడా నన్ను చాలాకాలంగా బాధపెడుతోంది.

ఇలా ఒకరికొకరు చూసిపెట్టుకోవడం లినక్స్‌కు తర్వాత వచ్చి చేరిన అలవాటు కాదు. 1991 ఆగస్టు 25న లైనస్ టోర్వాల్డ్స్ అనే ఫిన్లాండ్ విద్యార్థి, తాను రాస్తున్న ఆపరేటింగ్ సిస్టమ్ గురించి మినిక్స్ వాడకందారులకు రాసిన మొదటి ప్రకటనలోనే, మినిక్స్‌లో మీకు నచ్చేవేమిటి, నచ్చనివేమిటి అని అడిగాడు. అడగడంతోనే మొదలైంది. కస్టమర్ కేర్ నంబరు లేని ఈ సరుకును వాడేవాళ్లు ఒకరికొకరు ఎంత బాగా సాయం చేసుకున్నారంటే, 1997 సంవత్సరానికి అమెరికాకు చెందిన ఇన్ఫోవరల్డ్ పత్రిక ఉత్తమ టెక్నికల్ సపోర్ట్ అవార్డును లినక్స్ వాడకందారుల సమూహానికి ఇచ్చింది. మన దేశంలో 1996లో పీసీక్వెస్ట్ పత్రిక తన సంచికతోపాటు లినక్స్ సీడీ పంచింది. ఇంటర్నెట్ ఇంకా గంటల లెక్కన కొనుక్కునే రోజుల్లో అది చాలామందికి మొదటి పరిచయం. ఆ తర్వాత ఉబుంటు వాళ్లు 2011 దాకా అడిగినవాళ్లకల్లా సీడీలు పోస్టులో ఉచితంగా పంపారు. సీడీ వచ్చాక దాన్ని ఎక్కించేటప్పుడు ఆగిపోయిన చోటల్లా పక్కన ఒక మనిషి కావాల్సి వచ్చింది. బెంగళూరులో, చెన్నైలో, హైదరాబాద్‌లో యూజర్ గ్రూపులు ఆ మనిషిని అందించాయి. హైదరాబాద్‌లోని స్వేచ్ఛ సంస్థ మీ కాలేజీల్లోనే విద్యార్థి గ్రూపులు నడిపింది. మీ క్యాంపస్‌లలో ఈ పని ఇప్పటికే జరుగుతోంది, మార్కుల పట్టికలోనే దానికి చోటు లేదు.

వైఫై సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే ఇప్పటికీ నా దగ్గరికి వచ్చే ప్రశ్నల్లో దానిదే పెద్ద వాటా. రెండువేల ఐదారు ప్రాంతాల్లో చాలా ల్యాప్‌టాప్‌లలో బ్రాడ్‌కామ్ వైఫై చిప్ ఉండేది, లినక్స్‌కు దాని డ్రైవర్ లేదు. చిప్ ఎలా పనిచేస్తుందో వివరాలూ బయటికి ఇవ్వలేదు. వాడకందారులే రెండు జట్లుగా విడిపోయారు. ఒక జట్టు ఉన్న డ్రైవర్‌ను విప్పి, చిప్ ప్రవర్తనను కాగితం మీద పెట్టింది. రెండో జట్టు ఆ డ్రైవర్‌ను కళ్లతో చూడకుండా, కాగితం చదివి మాత్రమే కొత్తది రాసింది. కాపీ కొట్టారన్న మాట రాకూడదని అంత జాగ్రత్త. ఆ డ్రైవర్ 2006లో కెర్నెల్‌లో చేరింది. 2010 సెప్టెంబరులో బ్రాడ్‌కామ్ తన కొత్త చిప్‌లకు తానే ఓపెన్ సోర్స్ డ్రైవర్ విడుదల చేసింది. డెబియన్ వాళ్లు కూడా ఏళ్లతరబడి వైఫై ఫర్మ్‌వేర్‌ను స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కాదన్న కారణంతో ఇన్‌స్టాలర్ బయట ఉంచారు. కొత్తవాళ్లు మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతున్నారని పదేపదే వినిపించాక 2022లో ఓటింగ్ పెట్టుకున్నారు. 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12 నుంచి అది ఇన్‌స్టాలర్‌లోనే వస్తోంది. పేరు లేని వేలమంది "నా ల్యాప్‌టాప్‌లో వైఫై రావట్లేదు" అని సరైన వివరాలతో అడగడానికి కూడా ఇలాంటి మార్పుల్లో వాటా ఉంది.

సరైన వివరాలతో అడగడం అన్నాను. అదొక విద్య. ఎరిక్ రేమండ్, రిక్ మోయెన్ 2001లో దాని గురించి ఒక పెద్ద వ్యాసమే రాశారు, ఇప్పటికీ చదవదగ్గది. మా గ్రూపులో మేం కొత్తవాళ్లకు చెప్పేది ఇంతకంటే చిన్నది: ఏం చేయబోయావు, ఏం జరుగుతుందనుకున్నావు, ఏం జరిగింది, నిన్నటికీ ఇవాళ్టికీ ఏం మారింది. కమాండు కొట్టి వచ్చింది వచ్చినట్టు పెట్టు, స్క్రీన్‌ను ఫోన్‌తో ఫొటో తీసి పెట్టకు, ఎర్రర్‌ను నీ మాటల్లోకి మార్చకు. "డ్రైవర్ ప్రాబ్లమ్ అనుకుంటా అన్నా" అని మొదలుపెట్టే పిల్లవాడు తన అనుమానాన్ని చెబుతున్నాడు, కళ్లకు కనపడ్డదాన్ని చెప్పడం లేదు. లాగ్ తెరిపిస్తే చాలాసార్లు వేరే సంగతి బయటపడుతుంది. వైఫై కార్డు చచ్చిపోయిందని ఏడ్చిన ఒకమ్మాయికి ఆర్‌ఎఫ్‌కిల్ కమాండు చూపిస్తే, "సాఫ్ట్ బ్లాక్డ్: యెస్" అని వచ్చింది. ఏదో బటన్ తగిలి వైఫై ఆఫ్ అయింది, అంతే. చదవడం వస్తే అర నిమిషం పని. అప్పటికే బజారులో ఒక సర్వీస్ సెంటర్ ఆ అమ్మాయికి కొత్త కార్డు వేయాలని చెప్పి ఉంది.

జవాబిచ్చేవాళ్లకూ నేర్చుకోవాల్సింది ఉంది. లినక్స్ వాళ్లలో కొందరికి కొత్తవాళ్లను కసురుకునే అలవాటుందన్న పేరు ఉత్తపుణ్యానికి రాలేదు. "ముందు మాన్యువల్ చదువుకొని రా" అన్న మాటతో ఎంతమంది పిల్లలు, ముఖ్యంగా అమ్మాయిలు, మళ్లీ నోరు తెరవకుండా వెళ్లిపోయారో నేను చూశాను. మాన్యువల్‌లో ఏ పేజీ చూడాలో చెప్పడం సాయం. పో అనడం సాయం కాదు. ల్యాబ్‌లో ఇది మార్కులున్న పనిగా మారితే, టీచర్ ఎదుట జరిగితే, ఆ దురుసుతనానికి అక్కడే అడ్డుకట్ట పడుతుంది.

ఇంకొక సంగతి ఈ రెండు మూడేళ్లలో మొదలైంది, మీరు తప్పక పట్టించుకోవాలి. పిల్లలు ఇప్పుడు మమ్మల్ని అడిగేముందు చాట్‌బాట్‌ను అడుగుతున్నారు. అందులో తప్పులేదు, అది చాలాసార్లు బాగానే చెబుతుంది, రాత్రి రెండింటికైనా విసుక్కోదు. కానీ చెప్పిన కమాండును చదవకుండా సుడోతో కొట్టేస్తున్నారు. పర్మిషన్ ఎర్రర్ వచ్చిందని మొత్తం ఈటీసీ డైరెక్టరీకి 777 పర్మిషన్ ఇచ్చిన కుర్రవాడు ఆ తర్వాత సుడోయే వాడలేకపోయాడు. సుడోయర్స్ ఫైలును ఎవరైనా మార్చగలిగేలా ఉంటే సుడో నడవనంటుంది. నడవకపోవడమే దాని ధర్మం. రికవరీ మోడ్‌లోకి వెళ్లి ఒక్కో పర్మిషనూ సరిచేసుకునేసరికి తెల్లారింది. ఆ కుర్రవాడికి కావాల్సింది ఇంకో మంచి చాట్‌బాట్ కాదు. ఈ కమాండు ఏం చేస్తుంది, తిరగబెట్టడం ఎలా అని ఎంటర్ నొక్కేముందు తనను తాను అడిగే అలవాటు. అది పక్కన మనిషి కూర్చుని "ఆగు, ముందు చదువు" అంటే వస్తుంది, మెషీన్ ముందు ఒంటరిగా కూర్చుంటే రావడం కష్టం.

ఈ అలవాటు ఎంత దూరం పనికొస్తుందో చెప్పడానికి 2024 మార్చి సంగతి ఒక్కటి చాలు. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు తన టెస్ట్ సిస్టమ్‌లో ఎస్ఎస్‌హెచ్ లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందని గమనించాడు. అర సెకనే కదా అని వదిలేయలేదు. వెతుక్కుంటూ పోతే, ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్లలో ఎవరో దొంగదారి పెట్టినట్టు తేలింది. దొరక్కపోతే ప్రపంచంలోని లెక్కలేనన్ని సర్వర్లలోకి అది చేరి ఉండేది. దాన్ని పెట్టినవాడు రెండేళ్లకు పైగా ఆ ప్రాజెక్టుకు సాయం చేస్తూ, దాన్ని ఒంటరిగా మోస్తున్న మెయింటెయినర్ నమ్మకం సంపాదించినవాడు. సాయం పేరుతో మోసం కూడా రాగలదని విద్యార్థులకు దాచకుండా చెప్పాలి. దాన్ని పట్టిందీ వదిలిపెట్టని కుతూహలమేనని, ఫ్రాయిండ్ తాను కనుక్కున్నది అందరూ సరిచూసుకునేలా వివరంగా రాసి బయటపెట్టాడని కూడా చెప్పాలి.

ఇక మీ కమిటీల్లో వచ్చే అభ్యంతరాలు. పిల్లలకు రూట్ అధికారమిస్తే ల్యాబ్ అంతా పాడవుతుందంటారు. వర్చువల్ మెషీన్‌లో పెడితే ఏమీ పాడవదు, ఎంత చెడగొట్టినా స్నాప్‌షాట్‌తో నిమిషంలో మొదటికొస్తుంది. అంత ర్యామ్ లేని పాత సిస్టమ్‌లలో నెట్‌వర్క్ నేమ్‌స్పేస్‌లతో ఒకే మెషీన్‌లో రెండు మూడు నెట్‌వర్కులు, మధ్యలో రౌటర్ కట్టొచ్చు, అందుకు పైసా ఖర్చు లేదు. పాత సిస్టమ్ అంటే గుర్తొచ్చింది: విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబరు 14తో ఆపేసింది. మీ కాలేజీల్లో విండోస్ 11 ఎక్కని కంప్యూటర్లు గదులు గదులుగా ఉంటాయి. వాటిని తుక్కుకు వేసేముందు ఈ ల్యాబ్‌కు ఇవ్వండి. సీమాస్ బ్యాటరీ అయిపోయి, ఆన్ చేసినప్పుడల్లా తేదీ ఏళ్ల వెనక్కి పోయే సిస్టమ్ ఒకటైనా వాటిలో ఉంటుంది. అందులో ఏ సైటు తెరిచినా సర్టిఫికెట్ చెల్లదంటుంది. దాన్ని బాగుచేయించకండి, విద్యార్థి ముందు పెట్టండి. ఇనోడ్లు అయిపోయిన డిస్కు, ఎఫ్‌స్ట్యాబ్‌లో తప్పు ఐడీతో ఎమర్జెన్సీ మోడ్‌లో ఆగిపోయే సిస్టమ్, డిఫాల్ట్ రూట్ లేని మెషీన్, ఎవరో చెరిపేసిన డీఎన్ఎస్ సెట్టింగు, ఇలాంటివి పదిపదిహేను తయారుచేసుకుంటే ఒక సెమిస్టర్‌కు సరిపోతాయి.

టీచర్లకు ఇది రాదంటారు. నిజమే, చాలామందికి రాదు, అది వాళ్ల తప్పు కాదు. కానీ వాళ్లకూ జవాబు తెలియకపోవడం ఈ ల్యాబ్‌కు అడ్డంకి కాదు. విద్యార్థితోపాటు వెతికే టీచర్‌ను చూడటం కంటే ఆ పిల్లవాడికి పెద్ద పాఠం ఏముంటుంది? కేరళ ప్రభుత్వ పాఠశాలల్లో ఐటీ పాఠాలు గ్నూ/లినక్స్ మీదే నడుస్తాయి. అక్కడ బడి టీచర్లు నేర్చుకున్నది మన ఇంజనీరింగ్ అధ్యాపకులు నేర్చుకోలేరా?

ఒకరినొకరు అడిగితే అది కాపీ కాదా అంటారు. దీనికి లినక్స్ కెర్నెల్‌లోనే జవాబుంది. అందులో చేరే మార్పు కింద, తప్పును చూపినవాళ్ల పేరు "రిపోర్టెడ్ బై" అని, సరిచేసినదాన్ని పరీక్షించినవాళ్ల పేరు "టెస్టెడ్ బై" అని రాస్తారు. కోడు ఒక్క లైను రాయకపోయినా ఆ పేరు చరిత్రలో ఉంటుంది. రికార్డులో అలాగే రాయించండి: ఎవరిని అడిగాను, వాళ్లు ఏం చూడమన్నారు, దానివల్ల ఏం తేలింది. అడిగినవాళ్లకూ, చెప్పినవాళ్లకూ మార్కులివ్వండి. సాయం తీసుకుని పేరు రాయకపోతే మాత్రం కోత పెట్టండి. అప్పుడు పక్కవాడి దగ్గర దొంగతనంగా చూసి రాసుకోవాల్సిన అవసరమే ఉండదు.

రికార్డు తెలుగులో రాసే వెసులుబాటు కూడా ఇవ్వండి. ఎర్రర్ ఇంగ్లిష్‌లోనే వస్తుంది, దాన్ని అలాగే ఉంచాలి, అక్షరం మార్చకూడదు. కానీ "నేను ముందు ఇది అనుకున్నాను, అది కాదని ఇలా తేలింది" అని చెప్పడానికి తెలుగు మీడియంలో చదివి వచ్చిన పిల్లలు ఇంగ్లిష్ వాక్యం కోసం తడుముకుంటూ, చివరికి అసలు సంగతే వదిలేస్తారు. మా గ్రూపుల్లో ఇదే పిల్లలు తెలుగులో, ఇంగ్లిష్ మాటలు కలుపుకుంటూ, ఎంత చక్కగా విడమరిచి చెబుతారో చూస్తే మీరు ఆశ్చర్యపోతారు. వాళ్లు రాసినవి కాలేజీల మధ్య పంచితే, కొన్నేళ్లలో తెలుగులో అంత పనికొచ్చే సాంకేతిక రాత ఇంకెక్కడా ఉండదు. ఇది జరగాలని నాకు చాలా ఆశగా ఉంది.

ఎక్స్‌టర్నల్ పరీక్షలో మార్కులు ఎలా వేయాలన్నది కూడా తేల్చుకోవచ్చు. తప్పు సరిచేయలేకపోయినా, ఎక్కడెక్కడ లేదో రుజువుతో చూపిన విద్యార్థికి సగానికి పైగా మార్కులు రావాలి. ఎలాగో పని జరిగింది కానీ ఎందుకు జరిగిందో చెప్పలేనివాడికి సగానికి లోపే రావాలి. తప్పును మళ్లీ రప్పించి చూపినవాడికి పూర్తి మార్కులు. వైవాలో ఎగ్జామినర్ అడగాల్సింది ఒక్కటే: "ఇది డీఎన్ఎస్ సమస్య కాదని నీకెలా తెలుసు?"

తదుపరి రెగ్యులేషన్ దాకా ఆగాల్సిన పనిలేదు. ముందు మీ నాలుగు విశ్వవిద్యాలయాల సొంత క్యాంపస్ కాలేజీల్లో, ఒక్కో సెక్షన్‌తో ఒక్క సెమిస్టర్ చేసి చూడండి. చెడగొట్టిన వర్చువల్ మెషీన్లు మేం తయారుచేసి ఇస్తాం, ఉచితంగా. ప్రతిదానికీ తప్పేమిటో, ఏ దారుల్లో కనుక్కోవచ్చో రాసిన కాగితం టీచర్ల కోసం విడిగా ఉంటుంది. సెలవుల్లో అధ్యాపకులకు వర్క్‌షాప్ పెడితే, ఈ పని చేసే మావాళ్లు హైదరాబాద్ నుంచీ విశాఖ నుంచీ విజయవాడ నుంచీ వస్తారు. దూరాన విదేశాల్లో ఉన్నవాళ్లు ల్యాబ్ గంటల్లో ఆన్‌లైన్‌లో ఉంటారు. ఫీజు సైటు తెరిపించిన ఆ నైట్ షిఫ్ట్ ఆయన్ని ఇప్పటికే అడిగాను. మీ టైమ్‌టేబుల్ పంపితే తన షిఫ్టు దానికి తగ్గట్టు మార్చుకుంటానన్నాడు.

ఇట్లు,
విధేయుడు,
ఒక సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్,
విజయవాడ